ఆ ముఖానికి గోడ ఇవ్వను

ఆగస్టు 3, మోరిస్‌విల్, అమెరికా
లైబ్రరీలో 2001 సెప్టెంబర్ 11 దాడులకు పాతికేళ్ళ ఎగ్జిబిషన్. గోడకి పెట్టే బోర్డుల్లో నేను రాయాల్సిన ప్యానెల్: హైజాకర్లు అసలు ఈ దేశంలోకి ఎలా వచ్చారు? ఆ దాడుల మీద గవర్నమెంట్ వేసిన కమిషన్ స్టాఫ్ రిపోర్ట్ చదవడం మొదలుపెట్టాను. దొంగదారుల్లో వచ్చారనే అనుకునేదాన్ని చిన్నప్పుడు. కాదు. వీసాల మీద, దర్జాగా. ఎక్కువమంది టూరిస్టులమని చెప్పి. అప్లికేషన్లలో గళ్ళు ఖాళీ. ఎక్కడ దిగుతారంటే కొందరి జవాబు 'హోటల్'. అయినా స్టాంప్ పడింది.

అమ్మ పేరులో ఒక్క అక్షరం తేడా ఉందని నన్ను హైదరాబాద్ కాన్సులేట్‌లో తిప్పి పంపారు.

ఆగస్టు 9
చర్చి నుంచి వచ్చి మళ్ళీ కూర్చున్నాను. టూరిస్టుగా దిగి ఫ్లయింగ్ స్కూల్లో చేరినవాడొకడు. దాడికి ముందు కొందరు ఫస్ట్ క్లాస్‌లో కూర్చుని విమానాలు ఎలా నడుస్తాయో చూసుకున్నారు. దారిలో జూదాల ఊరు లాస్ వేగాస్‌లో మకాం. వీళ్ళు భక్తులట! దాడి జరిగిన ఆరు నెలలకి, చచ్చిన ఇద్దరికి స్టూడెంట్ వీసా మంజూరైన కాగితాలు వాళ్ళు నేర్చుకున్న ఫ్లయింగ్ స్కూల్‌కి పోస్టులో వచ్చాయి.

మేధావులూ కాదు, మన్నూ కాదు. ఒక అప్లికేషన్ సరిగ్గా నింపడం చేతకానివాళ్ళు. ఇటువైపు, రెండోసారి చూడ్డానికి బద్ధకించిన ఆఫీసు.

ఆగస్టు 15
కమిటీ మీటింగ్. చైర్మన్ రామమోహన్ గారికి నా డ్రాఫ్ట్ నచ్చలేదు. ఆయనకి మాస్టర్‌మైండ్ కావాలి. ముఠా నాయకుడి ముఖం పెద్దది, నల్ల బ్యాక్‌గ్రౌండ్, ఎర్ర బాణాలతో మ్యాప్. విలన్ పవర్‌ఫుల్‌గా లేకపోతే జనం ఎందుకు ఆగుతారు ఫెబీ, అన్నారు. ఈ మనిషి సినిమా రిలీజ్ చేస్తున్నాననుకుంటున్నాడు.

ముఖం వద్దన్నాను. వీసా ఆఫీసు గురించి రాసిన లైన్ కూడా తీసెయ్యమన్నారు. నువ్వే వీసా మీదున్నావు, నీకెందుకమ్మా గవర్నమెంట్‌తో గొడవ అని, అందరి ముందూ. ఒళ్ళు మండింది. భయం కూడా వేసింది. ఆ భయానికి ఇంకా మండింది.

రాధారాణి గారు మాత్రం తలొంచుకుని కూర్చున్నారు. ఆవిడ భర్త ఆ రోజు, కూలిన రెండు టవర్లలో ఒకటైన నార్త్ టవర్‌లో ఉన్నారు.

ఆగస్టు 16
ఒక్క అక్షరం తియ్యను.

ఆగస్టు 29
రాధారాణి గారింటికి వెళ్ళాను. డ్రాఫ్ట్ చదివి వినిపించమన్నారు. కళ్ళు మూసుకుని విన్నారు. మా ఆయన అమెరికా రావడానికి ఏడాదిన్నర ఆగారమ్మా, వీళ్ళని అంత తేలిగ్గా రానిచ్చారా, అని అడిగారు. వాకిలి దాకా వచ్చి చెయ్యి పట్టుకున్నారు. "ఇన్నేళ్ళూ అందరూ వాళ్ళని పెద్ద చేసి చూపించారు. నువ్వు చిన్నగానే రాయి. వాళ్ళు చిన్నవాళ్ళే."

సెప్టెంబర్ 10
ఎగ్జిబిషన్ మొదలైంది. నా రాత ఉంది, మూలకి, చీమల్లాంటి అక్షరాల్లో. ఆఫీసు లైన్ లేదు. మధ్యలో ముఖం. నాకు చెప్పకుండా ప్రింట్ చేయించారు. దాని ముందే నిలబడి రామమోహన్ గారు టౌన్ కౌన్సిల్ వాళ్ళతో ఫోటోలు దిగుతున్నారు. నవ్వుతూ!

రాధారాణి గారు వచ్చారు. చాలాసేపు చూశారు. కుర్చీ తెమ్మన్నారు. ఎందుకో అర్థమయ్యేలోపే ఎక్కేశారు, ఈ వయసులో. నేను కుర్చీ గట్టిగా పట్టుకున్నాను. ఒంటి మీది బొత్తాల స్వెటర్ విప్పి, దాని చేతులు రెండూ ఫ్రేమ్ మూలలకు ముడేశారు. ముఖం కనబడకుండా పోయింది. రామమోహన్ గారు పరుగెత్తుకొచ్చి, ఏంటండీ ఇది, గెస్టులున్నారు అన్నారు.

"వాడు నన్ను చూస్తుంటే చదవలేకపోతున్నాను బాబూ," అన్నారావిడ, కిందికి దిగుతూ.

నేను పెన్ తీశాను. నా పేరా కింద, తీసేసిన లైన్ రాశాను: కాగితాలు చూసినవాళ్ళు ఇంకొక్కసారి చూసి ఉంటే, వీళ్ళలో కొందరు విమానం దాకా వచ్చేవాళ్ళు కాదు. కింద సంతకం. ఇంటిపేరుతో సహా.

రామమోహన్ గారు నీ ఇష్టం అన్నారు. అవును, నా ఇష్టమే.

సెప్టెంబర్ 18
స్వెటర్ ఇంకా అక్కడే ఉంది. ఎవరూ తియ్యలేదు. ఎవరో దాని బొత్తాలు కూడా పెట్టారు.