బ్లేడుతో కోసిన తోట

యాదాద్రి భువనగిరి జిల్లా రామన్నపేట నివాసిని, కీర్తిశేషులు ఇస్రాయేలు, ఈదమ్మల పెద్దబిడ్డను, రిటైరైన వృక్షశాస్త్ర లెక్చరర్‌ను, అవివాహితను, డెబ్బై ఒక్క ఏండ్ల మేడి గ్లోరీ అను నేను స్వహస్తంతో రాసిపెడుతున్న వీలునామా ఇది. తుంటి బొక్క విరిగింది గాని బుద్ధి చెడలేదు. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. అంత ధైర్యం మా ఇంట్ల ఎవరికీ లేదు. నా ఇల్లు తమ్ముని కొడుకు విజేందర్‌కు చెందాలని ఇదివరకు రాసిన వీలునామా ఈ రోజుతో రద్దు.

1. నా అల్మారల్లోని పాత తోటపని మాసపత్రికలు, మొక్కల బొమ్మల సంచికలు పూర్తిగా నా స్వార్జితం. అవి ఎప్పుడో ఇంగ్లండు సీమల అచ్చయినవి, బొమ్మలకు చేత్తో రంగులద్దినవి. ఉద్యోగంల చేరిన కొత్తల మొదటి సంపుటం హైదరాబాద్ ఫుట్‌పాత్ మీద దొరికింది. దాంట్ల ఒక నారింజ కొమ్మ బొమ్మ ఉండె. మా నాయిన ఏండ్లకేండ్లు దొర బత్తాయి తోటకు నీళ్లు పెట్టిండు. ఒక్క కాయ ఇంటికి తేనియ్యలేదు. అందుకే కొన్న. తెచ్చి సూపిస్తే నాయిన ఆ బొమ్మను ముక్కుకాడ పెట్టుకొని, "వాసనొస్తలేదు బిడ్డా" అని నవ్విండు. ఆనాడు మొదలైన పిచ్చి ఇది. పిచ్చి అన్నది తమ్ముడు దశరథ్ మాట. నేను కాదనను.

2. విజేందర్ సంగతి. 2019ల జారిపడి హైదరాబాద్ దవాఖానల ఉన్నప్పుడు ఇల్లు చూసుకొమ్మని తాళాలన్నీ దశరథ్‌కు అప్పజెప్పిన. అప్పుడే వాడి కొడుకు నార్కట్‌పల్లి కాడ, హైవే మీద హోటల్ తెరుస్తున్నడు. గోడలకు బొమ్మలు కావలసివచ్చినయ్. నా సంపుటాలు తీసి చేతికందిన బొమ్మలన్నీ బ్లేడుతో కోసిండు.

దవాఖాన నుంచి వచ్చి అల్మార ఇంకా తెరవలేదు, నాకు ఈ సంగతి తెల్వదు. చేతికర్ర పట్టుకొని ప్రారంభానికి పోయిన. చేతులు కడుక్కునే కాడ, నల్లా మీద, మా నాయిన వాసన చూసిన నారింజ కొమ్మ. చుట్టూ బంగారు రంగు ఫ్రేము. అద్దం మీద పప్పు మరక.

"అత్తా, అల్మారల పెట్టి తాళమేస్తే ఎవలు సూస్తరు? గీడైతే దినాం ఎంతమంది సూస్తరో" అన్నడు విజేందర్.

చేయి కడిగేటోడు నల్లాను సూస్తడు, బొమ్మను సూస్తడా? అక్కడనే ఏడ్చిన. దశరథ్ అందరి ముంగట, "నాయిన సచ్చిననాడు గూడ గింత ఏడ్వకపోతివి" అన్నడు. నాయిన పోయిననాడు వాడు గోడకానుకొని ఏడుస్తుంటే, పాస్టరును పిలిపించింది, గుంత తవ్వించింది, పెట్టె చేయించింది నేను. ఏడ్వనీకి నాకు సందు దొరకలే. ఈ మాట వీలునామాలనే చెప్పాలె. ఎదురుంగ చెప్తే నడుమ లేచిపోతడు.

పెద్దమనుషులకు చెప్పుకుంటే, "కాయితాల కోసం తమ్ముని మీద పంచాయితా?" అన్నరు. అందుకని ఒక ఆదివారం మధ్యాహ్నం, నా దగ్గర చదువుకున్న సుస్మితను ఎంటబెట్టుకొని, స్క్రూడ్రైవర్ పట్టుకొని ఆ హోటల్‌కే పోయిన. జనం బిర్యానీ తింటుండ్రు. ఫ్రేములు ఒక్కొక్కటి దించినం. విజేందర్ అడ్డమొస్తే, "జరగు, చేతికర్ర ఇరుగుతది" అన్న. ఎవరి మీద ఇరుగుతదో చెప్పలే. జనం తినుడాపి సూసిండ్రు. ఆ బొమ్మలను నిజంగా నలుగురు సూసింది ఆ ఒక్కనాడే.

ఇంటికి తెచ్చి వెనక అట్టలు విప్పితే, బొమ్మలన్నీ వాటికే బంకతోని అతికించి ఉన్నయ్. ఫ్రేముల పట్టలేదని అంచులు గూడ కత్తిరించిండు. గీసినోళ్ల పేర్లు ఆ అంచులతోనే పోయినయ్.

కావున ఖాళీ ఫ్రేములన్నీ, అద్దాలు, మేకులతో సహా, విజేందర్‌కు చెందవలెను. ఇవి తప్ప నా స్థిరచరాస్తుల మీద అతనికి గాని అతని వారసులకు గాని ఎట్టి హక్కు లేదు.

3. కోసిన సంపుటాలు, దించుకొచ్చిన బొమ్మలు సుస్మిత పనిచేసే కాలేజీ వృక్షశాస్త్ర విభాగానికి. ఈ వీలునామా అమలుపరిచే బాధ్యత కూడా ఆమెదే. షరతు ఒక్కటే: కోసినవి కోసినట్టే పిల్లలకు సూపాలె. పక్కన కోసినోని పేరు రాయాలె. మేడి విజేందర్. అచ్చుతప్పు రావద్దు.

4. నాయిన బైబిల్ దశరథ్‌కు. చదువుతడని కాదు, మొదటి పేజీల నాయిన వేలిముద్ర ఉన్నది. నా పెట్టె మోయడానికి మాత్రం వాడు భుజం పెట్టవద్దు. వెనకాల నడవొచ్చు. ఏడ్వొచ్చు, వాడికి మంచిగ వస్తది.

5. గుర్వమ్మ నా మరదలు, దశరథ్ భార్య. కొడుకు బ్లేడు పట్టిననాడు ఆమె ఒక సంపుటాన్ని కొంగు కింద పెట్టుకొని పోయి బియ్యం డబ్బాల దాసింది. నేను ఫ్రేములు దించిన కొన్నాళ్లకు తెచ్చిచ్చి, "అన్నీ దాసేటంత ధైర్యం లేకపాయె వదినె" అన్నది. గుమ్మడిపూలు, బీరపూలు, కూరగాయల పూతలున్న సంపుటం. ఒక్క బొమ్మ పోలేదు. పేజీల నడుమ బియ్యం దుమ్ము ఉంటే నేను దులపలే. ఆ సంపుటం ఆమెకే.

రామన్నపేటల నా ఇల్లు, పెరడు, బోరు సహా, సర్వహక్కులతో గుర్వమ్మకే. అమ్మడానికి గాని, తాకట్టు పెట్టడానికి గాని ఆమె భర్తకు, కొడుక్కు ఏ అధికారం లేదు. వాళ్లు అందుల ఉండాలంటే ఆమెను అడిగి ఉండాలె.

ఈ సంగతి చెప్తే, ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకున్నది. తర్వాత, "ఇన్నేండ్ల సంది అలిగి పోదామంటే నాకు తల్లిగారిల్లు లేకుండె వదినె" అన్నది.

ఇగమీదట గుర్వమ్మకు అలుకొస్తే, ఇల్లిడిసి పోవలసింది దశరథ్.

పైన రాసినదంతా మళ్లొకసారి చదువుకొని, ఒక్క మాట కూడా మెత్తబరచకుండా చేసిన సంతకం.

రామన్నపేట, 11 ఫిబ్రవరి 2023
(సం.) మేడి గ్లోరీ

సాక్షులు:
1. రఘుపతి, రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్, రామన్నపేట
2. భద్రమ్మ, అంగన్‌వాడీ టీచర్, ఆలేరు