ఇంకార్‌కి నా నడకే వచ్చింది

జూన్ 2

మా అన్నయ్య కూతురు ఇంకార్ ఇవాళ నక్క కథ మొదటి నుంచి చివరిదాకా తనే చదివింది. అక్షరాల కింద వేలు పెట్టుకోకుండా. ఆరేళ్ళు నిండి నెల కాలేదు. సెప్టెంబరులో నా క్లాసు, మొదటి బెంచీ, కిటికీ పక్కన. ఈ మాట ఎవరితోనూ అనలేదు. అందరికీ తెలిసిందే కదా అనుకున్నాను.

జూన్ 5

తెలియదట. బయాన్ వదిన నిన్న పైన, కొండ వైపు, కొత్తగా కట్టిన ప్రైవేటు బడి చూసి వచ్చిందట. క్లాసుకు పద్దెనిమిది మందే, ఈత కొలను ఉంది, ఇంగ్లీషు చెప్పడానికి ఇంగ్లండు నుంచి మనిషి వచ్చాడు అని రాత్రి భోజనాల దగ్గర ఒకటే వర్ణన. ఏడాది ఫీజు నా మూడేళ్ళ జీతం. సంజర్ అన్నయ్య మాంసం కోస్తూ, అంత మంచిదైతే కడదాం అన్నాడు. అన్నయ్య మా పెదనాన్న కొడుకు. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసి టైల్స్ వ్యాపారంలో ఇల్లు కట్టినవాడు. ఆ ఇంట్లోనే ఒక గదిలో నేను ఉంటున్నాను. కింద, రైల్వే లైను పక్కన సర్కారు బడిలో ఒకటో తరగతి చెబుతాను. రెండు షిఫ్టులు. నా క్లాసులో ముప్పై ఎనిమిది మంది.

నానమ్మ మాత్రం అడిగింది. "ఇంట్లో టీచరమ్మను పెట్టుకుని ఊరి మీద పడతారేం? ఆ పిల్ల తాడు కోసింది ఎవరు?"

నేనే. ఇంకార్ తొలి అడుగులు వేసే రోజుల్లో, మా ఆచారం ప్రకారం, కాళ్ళకు నలుపు తెలుపు పేనిన తాడు కట్టి, కత్తెర నా చేతికిచ్చింది నానమ్మ. అప్పటికి నా చేతికి డిగ్రీ వచ్చి వారం. గొర్రెలు కాసిన వంశంలో మొదటి డిగ్రీ. తాడు ఎవరు కోస్తే బిడ్డకు వాళ్ళ నడకే వస్తుందంటారు.

వదిన నవ్వింది. "నడక ఎలాగూ నీదే వచ్చింది ఉల్బోసిన్, బస్సు తప్పిపోతున్నట్టు. బడి కూడా నీదేనా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

జూన్ 11

వదిన ఇంకార్‌తో పాటు నన్నూ పై బడికి తీసుకెళ్ళింది. టీచరువి కదా, నీ కళ్ళతో చూడు అంది. చూశాను. కుళాయి తిప్పగానే వేడినీళ్ళు. ఒక్కో పిల్లకూ ఒక్కో అల్మరా, దాని మీద పేరు. గోడలకు పెచ్చులు లేవు. తప్పు పట్టుకుందామని వెతికితే కిటికీ మీద ఒక చచ్చిన ఈగ దొరికింది. దాన్నే చాలాసేపు చూశాను.

ఒకటో తరగతి టీచరు ప్రతి పిల్ల ముందూ మోకాళ్ళ మీద కూర్చుంటోంది, కళ్ళకు కళ్ళు సమానంగా పెట్టి. తల ఎత్తితే జానెల్! హాస్టల్లో నా గదిలో ఉన్న జానెల్. చివరికి ముందటి ఏడాది నిండు గర్భంతో, నా నోట్సు చదివి పరీక్షలు గట్టెక్కిన జానెల్. ఎగిరి నన్ను కౌగిలించుకుంది. ఒంటి మీద మంచి సెంటు. ఇంకార్ ఆమె చెయ్యి పట్టుకుని మళ్ళీ వదల్లేదు. రెండుసార్లు పిలిచాను. రాలేదు.

కారులో వదినతో అనేశాను, ఆవిడ పాసైంది నా నోట్సుతోనే అని. వదిన అద్దంలో జుట్టు సర్దుకుంటూ అడిగింది. "మరి నువ్వెందుకు లేవక్కడ?"

జూన్ 12

నాకు ఇంగ్లీషు రాదు. అందుకు.

జూన్ 13

పద్దెనిమిది మంది ఉంటే ఎవరైనా మోకాళ్ళ మీద కూర్చుంటారు. ముప్పై ఎనిమిది మంది ముందు కూర్చుని లేస్తే సాయంత్రం గంట కొట్టేస్తారు.

జూలై 8

అన్నయ్య ఇంకా ఏమీ తేల్చలేదు. నేను రోజూ సాయంత్రం ఇంకార్‌తో కూడికలు చేయిస్తున్నాను. చురుకైన పిల్ల, ఒక్కసారి చెబితే చాలు. ఇక ఆ బడిలో నేర్చుకోవడానికి ఏం మిగిలిందని అన్నయ్య అనాలని నా ఆశ. ఇవాళ లెక్క మధ్యలో ఆపి అడిగింది, "అత్తా, జానెల్ టీచర్ ఇంట్లో కూడా మోకాళ్ళ మీదే కూర్చుంటుందా?"

పుస్తకం మూసేశాను. పాపం, పిల్ల బిక్కమొహం వేసింది.

ఆగస్టు 3

తేలిపోయింది. పై బడికే. పైగా ఇంకార్ తమ్ముడు చంటివాడు అడుగులు వేస్తున్నాడు కాబట్టి వాడి తాడు కోయడం, ఇంకార్ బడిలో చేరే విందు రెండూ ఒకే హాల్లో చేస్తారట. కత్తెర జానెల్‌కి ఇస్తారట. వదిన ఉద్దేశం నాకర్థమైంది. మొదటి బిడ్డకు నా నడక వచ్చింది, రెండోవాడికైనా మంచి నడక రావాలి.

నానమ్మ టీ గిన్నె నాకు అందించి, నేను తాగేదాకా అలాగే చూస్తూ కూర్చుంది.

ఆగస్టు 9

జానెల్ ఫోన్ చేసి పార్కుకు రమ్మంది. ఐస్‌క్రీం కొనిపెట్టింది. కొడుకు నర్తాయ్‌కి ఆరేళ్ళట, వాణ్ణి నా క్లాసులో చేర్చుకోమంది!

డబ్బు చాలకా అని అడిగాను. కాదట, టీచర్ల పిల్లలకు సగం ఫీజేనట. మరెందుకంటే అటూ ఇటూ చూసి చెప్పింది. "మా క్లాసులో ఎవరూ తప్పు చేయరే. తల్లిదండ్రులు ఒప్పుకోరు. తప్పు రాసినా దాని పక్కన నక్షత్రం పెట్టాలి. మావాడు ఐదు తిరగేసి రాస్తాడు. అది తప్పురా అని వాడికి చెప్పే మనిషి కావాలి. హాస్టల్లో నాకు నువ్వు చెప్పావుగా." ఎవరికీ చెప్పొద్దని చేతులు పట్టుకుంది. మా బడివాళ్ళకు తెలిస్తే నా పరువేం కాను అంది.

చేర్చుకుంటానన్నాను. ఐస్‌క్రీం కరిగి చెయ్యంతా జిగురైంది.

ఆగస్టు 10

చెప్పను.

ఆగస్టు 11

చెబితే? ఆ టీచరే తన బిడ్డను నా దగ్గరికి పంపుతోందని తెలిస్తే అన్నయ్య ఒక్క క్షణమైనా ఆలోచించడా?

ఆగస్టు 25, ఉదయం

నిన్న విందు. గుర్రం మాంసం, పళ్ళాల నిండా నూనెలో పొంగిన బౌర్సాకు రొట్టెలు, రెండు వందల మంది. ఇంకార్ తెల్ల రిబ్బన్లతో జానెల్ కుర్చీకి అతుక్కుపోయింది. వచ్చినవాళ్ళంతా వదినతో మంచి బడి చూశావమ్మా అంటున్నారు. ఒక్కరూ నావైపు చూడలేదు. నేను టీలు పోస్తున్నాను.

చంటివాణ్ణి తెల్లగుడ్డ మీద నిలబెట్టారు. జానెల్ మోకాళ్ళ మీద కూర్చుంది, మళ్ళీ అదే మోకాళ్ళు. కత్తెర పట్టుకుంది. అప్పుడు మైకు పట్టుకు తిరిగేవాడు అరిచాడు. "పెద్ద బిడ్డ తాడు కోసిన మేనత్త దీవించాకే రెండోది!"

మైకు నా నోటి ముందు పెట్టారు. నేను దీవెనకు అరచేతులు చాచాను. హాలంతా చేతులు చాచింది. నా గొంతు నాకే తియ్యగా వినిపించింది.

"ఈ బిడ్డ అడుగు గట్టిపడాలి. ఇంకార్ చదువు వెలగాలి. జానెల్ కొడుకు నర్తాయ్ సెప్టెంబరు నుంచి మా సర్కారు బడిలో నా క్లాసులో కూర్చోబోతున్నాడు. వాడికీ మేలు కలగాలి!"

"ఆమీన్!" అంది హాలంతా. దీవెన ముగిసినట్టు అందరూ చేతులతో మొహాలు తుడుచుకున్నారు. వదిన కూడా తుడుచుకుంది. తుడుచుకున్నాక అర్థమైంది ఆవిడకు.

జానెల్ తాడు కోసింది. నావైపు మాత్రం చూడలేదు.

నాకు సంతోషమైంది. టీ చల్లారేదాకా ఉంది ఆ సంతోషం.

ఆగస్టు 26

వదిన మాట్లాడటం లేదు. అన్నయ్య వంటింట్లోకి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. కోపం లేదు, అదే బాధగా ఉంది. "హోటల్లో వండేవాడు అన్నం ఇంటికెళ్ళి తింటాడు. అంతమాత్రాన హోటలు చెడ్డదా? చదువు నువ్వు బాగా చెబుతావని నాకు తెలియదనుకున్నావా పిచ్చిదానా? నేను చదువు కొనడం లేదు. పక్క బెంచీ కొంటున్నాను. బ్యాంకుల్లో, ఆఫీసుల్లో నన్ను నిలబెట్టి మాట్లాడతారు. వాళ్ళ పిల్లలు రేపు నా కూతుర్ని కూర్చోమనాలి."

ఆ పక్క బెంచీ నా దగ్గర లేదు.

ఆగస్టు 28

జానెల్ ఫోన్. తిడుతుందనుకున్నాను, తిట్టింది. "నువ్వు హాస్టల్లోనే కుళ్ళుమోతువి. నా పెళ్ళిలోనూ ఏడుపు మొహమే పెట్టావు" అంది. నిజమే. విందుకొచ్చిన పై బడి తల్లులు ఇద్దరు ఆమెకు ఫోన్ చేశారట. ఒకావిడ చెడామడా తిట్టిందట. రెండో ఆవిడ గొంతు తగ్గించి, ఆ సర్కారు బడి క్లాసులో ఇంకో సీటు ఉందా అని అడిగిందట.

ఇద్దరం నవ్వాము. తర్వాత తను నవ్వడం ఆపేసి అడిగింది, మావాడి సీటు ఉందా, పోయిందా అని.

ఉందన్నాను. క్షమించమని కూడా అనాల్సింది. అనలేదు.

సెప్టెంబరు 1

పొద్దున ఇంకార్ కారెక్కింది. గేటు దాకా పరుగులాంటి నడక, బస్సు తప్పిపోతున్నట్టు. వెనక్కి తిరిగి చూడలేదు. నేనూ అంతే, చదువు కోసం మా ఊరి నుంచి బయల్దేరిన రోజు.

సెప్టెంబరు 2

నర్తాయ్ ఐదు తిరగేసి రాశాడు. తప్పని చెప్పాను. ఏడ్చాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాను. మిగతా ముప్పై ఎనిమిది మంది తమ ముందూ కూర్చోమని వరస కట్టారు. మోకాళ్ళ దగ్గర మేజోళ్ళు చిరిగాయి.