జూన్ రెండున పుట్టని పిల్ల

జూలై 9
నా ర్యాంకుకి మామూలుగా అయితే ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీ వైపు కన్నెత్తి కూడా చూడలేను. మాజీ సైనికుల పిల్లల కోటా ఉంది కాబట్టి ఆశ. నాన్న నేవీలో ఉన్నన్నాళ్లూ మాకు దక్కింది ఏడాదికోసారి వచ్చే నాన్న, పెట్టెడు క్యాంటీన్ సబ్బులు. ఇప్పుడు ఈ సీటు. సంబరమంతా నాన్నదే— "పదిహేనేళ్లు నీళ్ల మీద ఉన్నాను గదేటి, నా కూతురికో బెంచీ ఇవ్వరా?"

జూలై 12
సర్టిఫికెట్ల పరిశీలన. నాన్న రుషికొండలో సెక్యూరిటీ డ్యూటీకి సెలవు పెట్టాడు. బూట్లకి పాలిష్ కూడా.
కౌంటర్‌లో మేడమ్ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది. నేవీ రికార్డులో నా పుట్టినతేదీ ఆగస్టు పద్నాలుగు. పదో తరగతి సర్టిఫికెట్‌లో జూన్ రెండు. "ఇద్దరూ ఒకమ్మాయేనా?"
నాన్న అటెన్షన్‌లో నిలబడ్డాడు. తనకి తెలిసిన జవాబు అదొక్కటే.
రికార్డు సరిచేయించుకుని రమ్మన్నారు.

జూలై 13
మామయ్య వచ్చాడు. నాన్న ఓడ మీద ఉన్నప్పుడు నన్ను బడిలో వేసింది మామయ్యే. "ఒకటో క్లాసుకి వయసు సాలదన్నారు బావా. ఎడ్మాస్టరే జూన్ రెండు ఏసీమన్నాడు. ఆ ఏడు సేరిన పిల్లలందరూ జూన్‌లోనే పుట్టీసినారు."
ఎవర్ని తిట్టాలి? సాయం చేసినవాణ్నా?

జూలై 17
పదో తరగతి సర్టిఫికెట్ మారదట. నేవీ రికార్డే మారాలట. అమ్మాయి జూన్ రెండునే పుట్టిందని నాన్న ప్రమాణపత్రం ఇవ్వాలి.
నోటరీ దగ్గర పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నాడు. "ఆగస్టు పద్నాలుగునే గదా నాను కబురిన్నాను. ఓడలో అందరికీ హల్వా పంచినాను..."
"అవన్నీ ఎవరడిగారు బాబూ, సంతకం పెట్టండి."
పెట్టాడు. ప్రతి ఆగస్టు పద్నాలుగునా, ఏ రేవులో ఉన్నా, అందరికన్నా ముందు నాకు ఫోన్ చేసిన మనిషి. ఆ సీటంటే అసహ్యం వేసింది నాకు. అయినా కావాలి.

జూలై 21
నేవీ రికార్డుల ఆఫీసుకి కాగితాలు పంపాం.

జూలై 30
సీట్ల కేటాయింపు మొదటి విడత అయిపోయింది. నా పేరు లేదు. నాన్న పాత స్నేహితుడి కూతురికి వచ్చింది, నాకన్నా వెనక ర్యాంకు. "మంచి పిల్ల" అన్నాడు నాన్న. ఏం మనిషో.

ఆగస్టు 4
రికార్డుల ఆఫీసుకి మళ్లీ ఫోన్. "యస్ సర్, యస్ సర్"— లేచి నిలబడి మరీ. ఫోనులో ఎవరికి కనిపిస్తాడని?
ఇంకా చూస్తున్నారట.

ఆగస్టు 9
అమ్మ పట్టుబడితే సింహాచలం వెళ్లాం. అర్చనకి పూజారి నా నక్షత్రం అడిగారు. అమ్మ చెప్పబోయి, ఆగి, నాన్న వైపు చూసింది. నాన్న తల దించుకున్నాడు. పుట్టిన నక్షత్రం చెప్పుకోడానికి కూడా భయపడుతున్నాం... నేనే చెప్పేశాను. దేవుడికైనా నిజం తెలియాలిగా.

ఆగస్టు 14
రెండో విడత ఈ వారమే. రికార్డుల ఆఫీసు నుంచి జవాబు లేదు.
అమ్మ సేమ్యా పాయసం చేసి, గిన్నె నా ముందు పెట్టింది. నాన్న డ్యూటీకి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. నా తల మీద చెయ్యి వేశాడు. ఏదో అనబోయాడు.
"వస్తాను తల్లీ."
అంతే.
మధ్యాహ్నం దాటింది. ఫోను పక్కనే పెట్టుకుని కూర్చున్నాను. ఇంకా మోగలేదు.