చక్రం మీద చెయ్యి

నాయనా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. పొద్దున నీకు పిండం పెట్టి, మధ్యాహ్నానికి తిరుపతి షెడ్డుకు వచ్చేశాను. ఇక్కడ మోటారు పని నేర్చుకుంటున్నానని నీకు తెలియదు.

పుత్తూరు నుంచి బొగ్గుతో నడిచే బస్సు వచ్చి ఆగింది. ఎవరూ చెప్పకుండానే ఒక్కో చక్రం నడుమ చెయ్యి పెట్టి చూశాను. వెనక ఎడమది కాలిపోతోంది. మేస్త్రి విప్పి చూస్తే లోపల గ్రీజు లేదు.

వడమాలపేటకు బండి కట్టినప్పుడు, ఆపిన చోటల్లా నువ్వు ఇరుసు తాకేవాడివి. "కాలిందంటే కందెన సాల్లేదురా," అనేవాడివి. ఆ నల్లటి చేత్తో భుజం పట్టుకుంటే, చొక్కా మాసిపోతుందని విదిలించుకునేవాణ్ణి.

"ఎవురు నేర్పించినార్రా నీకు?" అని మేస్త్రి సంతోషంగా అడిగాడు.

చుట్టూ ఖాకీ చొక్కాల డ్రైవర్లు. ఎద్దుల బండి తోలేవాడి కొడుకునని చెప్పడానికి నోరు రాలేదు.

"ఎవురూ లేదు మేస్త్రీ. నేనే తెలుసుకున్నా."

మేస్త్రి నా వీపు తట్టి, పనివాళ్లందరినీ పిలిచాడు. "సెప్పకముందే సూసినాడు వీడు. రేపట్నుంచి మీరూ వీడి మాదిరే సూడండప్పా."

రేపు బస్సు ఆగగానే అందరూ చక్రాలు తాకి చూస్తారు. అది నీ అలవాటు, నాయనా. నా పేరు చెప్పుకుంటారు.