తల ఒక్కటే మిగిలిన ప్రేమికుడు

ఆత్మకూరు, 1954
శనివారం రాత్రి

బావ కలిగిరిలో ఇంకొకామెను చేసుకున్నప్పటి నుంచి అక్క నవ్వడమే మానేసింది. ఇవాళ బలవంతం చేసి డేరా టాకీసుకు తీసుకెళ్ళాను.

అదొక వింత సినిమా. హీరో తన ప్రేమకు గుర్తుగా ప్రియురాలికి చెవి కోసి ఇస్తాడు. తర్వాత చెయ్యి, ఆ తర్వాత కాళ్ళు. ఆమె ప్రతిసారీ "ఇంతేనా?" అంటుంది. చివరికి తల ఒక్కటే మిగిలి, పళ్ళెంలోంచి ప్రేమపాట అందుకుంటుంది. జనం బిత్తరపోయి చూస్తుంటే వెనక నుంచి ఒక అవ్వ అరిచింది.

"ఒరే, ఇంకేం ఉండాది రా నీకాడ ఇచ్చేదానికి?"

డేరా అంతా గొల్లుమంది. అక్క భుజాలు అదురుతుంటే ఏడుస్తోందేమోనని నాకు భయమేసింది. కాదు, కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది!

దారిలో అంది: "నేనూ ఆ తల మాదిరే ఉండాను గదా మే. ఇంక పాడను."

ఇంటికి రాగానే, ఇన్నాళ్ళూ ఉతికి దండెం మీద ఆరేస్తూ వచ్చిన బావ చొక్కాను చింపి మసిగుడ్డ చేసింది. దాంతోనే వేడి పులుసు కుండ దించింది.

రేపు మళ్ళీ వాకిట్లో నిలబడి ఎదురుచూస్తుందేమో, తెలియదు. ఇప్పుడు మాత్రం నా దుప్పటి కూడా లాక్కుని హాయిగా గురక పెడుతోంది.