కృష్ణగిరి ద్వితీయ బహుమతి గురించి

హోసూరు, ఆదివారం రాత్రి.

నేటి కృష్ణగిరి దేహదారుఢ్య పోటీలో, నలభై దాటినవారి విభాగమున, నాకు ద్వితీయ స్థానం లభించినదని ఇందుమూలముగా నమోదు చేసుకుంటున్నాను. కారణం న్యాయనిర్ణేత మైకులోనే సెలవిచ్చాడు.

"ప్లాస్టిక్ సర్జన్ కదప్పా, ఆ ఛాతీ నువ్వే కోసి కుట్టుకొనింటావు! మన బర్గూరు మునిరాజును చూడు, దేవుడిచ్చిన ఒళ్లు!"

జనం నవ్వారు. స్టెరాయిడ్లు మింగి ఆడవారివలె పెంచుకున్న మునిరాజు రొమ్ములను నిరుడు కోసి తీసినది నేనే.

పతకం వేయించుకుంటూ వాడు నా చెవిలో గొణిగాడు: "ఆ సంగతి ఈడ ఎత్తొద్దు సార్, మీ కాళ్లు పట్టుకుంటా."

రోగి రహస్యం కాపాడుట వైద్యుని ధర్మం. పళ్లు కొరుకుతూ చప్పట్లు కొట్టాను. మచ్చయినా కనబడుతుందేమోనని వాడి ఛాతీ అంతా వెతికాను. లేదు.

ఛీ, అంత బాగా ఎందుకు కుట్టినట్లు?