ఇద్దరికే చోటున్న బండి

రాజాం ధాన్యం వర్తకుడు, డెబ్బయ్యొక్కేళ్ల పొట్నూరు నగరేశ్వరరావు అనే నేను, తెలివి నిలకడగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. వచ్చే నెల మొదటి వారంలో నా ఎడమ మోకాలికి ఆపరేషన్. మత్తు ఇస్తారట. అందుకే ఈ తొందర. దీన్ని అమలు జరిపే బాధ్యత కోడలు దీపికది.

1. ఇల్లు నా భార్య కన్యాకుమారికి. దుకాణం, గోదాము, లారీలు తూచే వేబ్రిడ్జి కొడుకు జయకృష్ణకు. ఇందులో తగువుకు తావు లేదు.

2. బావమరిది నరసింగరావుకు నా చిన్న కారు తూకం చీటీ. ఆరేళ్ల కిందట ఆ కారు తెచ్చిన రోజున పదిమందిలో, "బావా, ఇందులో ఎన్ని బస్తాలు పడతాయేటి?" అని నవ్వాడు. ఒక్కటీ పట్టదు. విశాఖలో మూడు పాత స్పోర్ట్స్ కార్లు చూశాను. ఒకదానికి స్టీరింగు పక్కన అరచేయంత టీవీ తెరలు, ఒకదానికి పెద్ద ఇంజను. అమ్మేవాళ్లు విస్తుపోతున్నా వినకుండా మూడింటినీ కాటా ఎక్కించాను. వర్తకుడి బుద్ధి ఎక్కడికి పోతుంది? ఇది తొమ్మిది వందల కిలోలు తూగింది. అంటే పన్నెండు ధాన్యం బస్తాలు. అన్నింట్లోకీ తేలికని దీన్నే కొన్నాను. ఆ చీటీకి ఫ్రేము కట్టించాను. నరసింగరావు దాన్ని హాల్లోనే తగిలించుకోవాలి.

3. మెకానిక్ చినబాబుకు నా చేతిగడియారం. "తేలిక బండికి పెద్దింజనెందుకండీ, మీరు తలిస్తే తిరుగుతాది" అని మొదట చెప్పింది అతనే.

4. కారు దీపికకు. జయకృష్ణకు కాదు, వాడు స్టీరింగు పట్టుకుని ఫోను చూస్తాడు. దానికి పెద్ద స్పీకర్లు, వెడల్పు టైర్లు బిగించరాదు. ఆదివారం తెల్లవారుతూనే బట్ట టాపు వెనక్కి మడిచి చీపురుపల్లి రోడ్డు పట్టాలి. కోసిన వరి వాసన మంచులో తేలి వస్తుంటుంది. మలుపులో గేరు తగ్గించి చేయి కాస్త కదిపితే చాలు, కారు మెత్తగా ఒదిగిపోతుంది. బస్తాల మధ్య బతికిన నాకు ఆ గంటసేపు ఒంట్లో బరువే ఉండదు. ఇంకా నిద్ర లేవలేదేమో, ఇదంతా కలేమో అనిపిస్తుంది.

5. ఎడమవైపు సీటు కన్యాకుమారికి. ఆరేళ్లుగా అది ఖాళీ. "ఇద్దరికే సోటున్న బండి ఏటి బండి? మనవలు నెత్తి మీద కూకుంటారేటి?" అని కన్యాకుమారి కోపం. ఈ రోజు వరకూ ఎక్కలేదు. తప్పు నాది. పెళ్లయి నలభై నాలుగేళ్లు. ఎక్కడికి వెళ్లినా మా మధ్య మా అమ్మో, పిల్లలో, చుట్టాలో, సరుకో ఉండేది. మేమిద్దరమే ఎక్కడికీ వెళ్లలేదు. మూడో మనిషికి చోటుండకూడదనే ఈ కారు కొన్నాను. ఆ మాట చెప్పడానికి సిగ్గేసి, తూకం కబుర్లు చెప్పాను.

ఆపరేషనయ్యాక ఈ కారులో లాగా అంత కిందికి వంగి కూర్చోకూడదని డాక్టర్లు అన్నారు. నాకు మిగిలినవి మూడు ఆదివారాలు. ఈ అంశాన్ని దీపిక ఈ రోజే అత్తగారికి చదివి వినిపించాలి, నాకు ధైర్యం చాలదు. వీలునామా మనిషి పోయాకే అమలవుతుందని వకీలు అంటున్నాడు. మిగతావి అలాగే కానివ్వండి. ఈ ఒక్కటి మాత్రం నేనుండగానే, ఈ ఆదివారం ఉదయం ఐదున్నరకు అమలు కావాలి.

రాజాం, 13-11-2025

(సంతకం) పొట్నూరు నగరేశ్వరరావు

సాక్షులు: తిరుమలరావు, భాస్కర్